ఎడమ సీటు

మిస్త్రీ సాబ్ పోయి నలభై రోజులు దాటిందన్న సంగతి నాకు నా మోపెడ్ వల్ల తెలిసింది. పెద్దపల్లిలో అందరికన్నా ముందు నాకు తెలియవలసిన వార్త అది. మోకాళ్ళ నొప్పులని చెప్పి వీధి మొహం చూడకుండా ఇంట్లో కూర్చుంటే ఇట్లాగే ఉంటుంది. ఆ రోజు బండి మొరాయిస్తే తిట్టుకుంటూ, తోసుకుంటూ ఆయన మెకానిక్ షెడ్డు దాకా పోయాను. రేకు తలుపుకు తాళం వేసి ఉంది. పక్కన సైకిళ్ళకు గాలి కొట్టే ఆయన నన్ను చూసి పంపు వదిలేసి లేచి నిలబడ్డాడు. ఎన్నడూ నన్ను చూసి లేవని మనిషి.

“మీకు తెల్వదా టీచరమ్మా? నలభై దినాల ఫాతిహా సుత అయిపాయె,” అన్నాడు.

ఏమైందని అడిగాను. ఏమీ కాలేదట. సాయంత్రం నమాజుకు పోయి వచ్చి, మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదట. “మంచిగ పోయిండు,” అని కూడా అన్నాడు. నాకు ఆ మాట మీద కోపం వచ్చింది. కావలసిన మనిషి పోతే మంచిగా పోవడమేమిటి? మోపెడ్‌ను ఆ తాళం ముందే నిలబెట్టి, నడుచుకుంటూ బస్టాండుకు వచ్చేశాను. మా తమ్ముడికి చెప్పాలి. అంతకన్నా ముఖ్యంగా, పద్నాలుగేళ్ళుగా వాడికి చెప్పకుండా దాచిన మాట ఒకటి ఉంది, అది చెప్పాలి. ఆ మాట దగ్గరికి రావాలంటే ముందు ఆయనెట్లాంటి మనిషో మీకు తెలియాలి.

ఎవరైనా ఆయన దగ్గరికి బండి తీసుకుపోయి, “స్టార్టయితలేదు మిస్త్రీ సాబ్,” అంటే ఆయన మొదట అడిగే ప్రశ్న, “ఆగుతదా?” అని. స్టార్టే కాని బండిని ఆగుతుందా అని అడగడమేమిటని కొత్తవాళ్ళు తెల్లమొహం వేసేవారు. ఆయనకు అదేమీ పట్టదు. నేల మీద అట్టముక్క పరుచుకుని, వెల్లకిలా పడుకుని, చక్రాల లోపలికి చూసి, లేచి వీపు దులుపుకుని, అప్పుడు ఇంజిన్ సంగతికి వచ్చేవాడు. “పోవుడు ఎట్లనన్న జేసి పోతది బిడ్డా. ఆగుడే జూస్కోవాలె,” అనేవాడు.

ఒకసారి ఎవరో ఒకాయన కూతురికి లారీ డ్రైవర్ సంబంధం వచ్చిందని, పిల్లవాడు ఎట్లాంటివాడో కనుక్కుందామని షెడ్డుకు వచ్చాడు. తాగుతాడా, కొడతాడా అని అడుగుతున్నాడు. మిస్త్రీ సాబ్ నట్టు బిగిస్తూనే, “గవన్నీ నాకు తెల్వదు. ఆయిన బండికి బ్రేకు లైనింగులు ఎన్నొద్దులకోసారి మారుస్తున్నరో అడిగిరా పో,” అన్నాడు. ఆ తండ్రి ఏమనుకున్నాడో ఏమో, నిజంగానే పోయి అడిగి వచ్చాడు. చాలా రోజులు వస్తున్నాయట. “అయితే ఇయ్యి. దూరంకెల్లే ఎక్సిలేటర్ మీంచి కాలు తీసే పిల్లగాడు,” అన్నాడు మిస్త్రీ సాబ్. ఆ పెళ్ళి జరిగింది. ఆ పిల్ల నా దగ్గర ఎనిమిదో తరగతి చదువుకుంది, ఇప్పటికీ సుఖంగా ఉంది.

ఇంజిన్ జబ్బు కనిపెట్టడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే కళ్ళు తెరవకుండానే “చుప్” అనేవాడు. జీపు బాగు చేయించుకోవడానికి వచ్చిన పెద్ద ఆఫీసరు ఒకాయనకు కూడా ఆ చుప్ తగిలింది. ఆయన జీవితంలో అంతకు ముందు ఎవరూ ఆ మాట అని ఉండరు. పాపం, జీపు బాగయ్యేదాకా నోరెత్తలేదు.

చెవి వెనక ఒక బీడీ ఉండేది. పెట్రోలు ఉన్నచోట నిప్పు కూడదని వెలిగించేవాడు కాదు. వెలిగించలేదన్న సంగతి మరిచిపోయి సాయంత్రానికి రెండో చెవి వెనక ఇంకోటి పెట్టుకునేవాడు. ఆ రెండు బీడీలతో ఇంటికి పోతుంటే పిల్లలు నవ్వేవారు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే రాగితీగ చుట్టుకుని ఏళ్ళకేళ్ళు నడిపించాడు. ఊరందరి బండ్లు బాగుచేసే మనిషి తన కళ్ళజోడు బాగుచేసుకోలేదని నేను ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు.

ఈ బ్రేకుల పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఒక ఎర్రకారు వల్ల వచ్చింది. అది మా తమ్ముడి కారు.

మా ఊరు మంథనికి ఇవతల. వరిపొలాలు, ఒక రైస్ మిల్లు. ముగ్గురాడపిల్లల తర్వాత పుట్టిన కొడుకని, ఊరి పటేలయిన మా బాపు వాణ్ణి నేల మీద నడవనివ్వలేదు. నేను పెద్దదాన్ని, చదువుకుని పెద్దపల్లిలో లెక్కల టీచరునయ్యాను. నన్ను చూస్తే వాడికి కొద్దిగా భయం ఉండేది, అది కూడా నేను చూస్తున్నంతసేపే. ఒకనాడు కరీంనగర్‌లో మంగలి షాపులో క్షవరం చేయించుకుంటుంటే వాడికొక విదేశీ పత్రిక కనబడింది. అందులో ఎర్రటి రెండు సీట్ల రేసుకారు బొమ్మ. కప్పు లేదు, ముక్కు పొడవు, నేలకు ఆనుకుని ఉంది. ఆ కాగితం చింపి మడిచి జేబులో పెట్టుకుని నేరుగా పెద్దపల్లి వచ్చి మిస్త్రీ సాబ్ ముందు పరిచాడు.

“గిసొంటిది జెయ్యస్తదా?” అన్నాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, సైకిలు చైను వేయించుకుంటున్నాను.

మిస్త్రీ సాబ్ ఆ బొమ్మను ఎంతసేపు చూశాడో చెప్పలేను. ముప్పై ఏళ్ళుగా మనుషులు ఆయన దగ్గరికి పాడైనవి తెచ్చి బాగుచేయమన్నవాళ్ళే తప్ప, కొత్తది చేసిపెట్టమని ఒక్కడు అడగలేదు. బొటనవేలి గోరుతో బొమ్మలోని టైరును కొలిచాడు. ఆ గోరుతోనే కారు పొడుగంతా కొలుచుకుంటూ పోయాడు.

“టైరు సైజు అంతట ఒక్కటే ఉంటది పటేలా. టైరు దొరికిందంటే మిగిలిందంత దొరికినట్టే,” అన్నాడు.

నేను లెక్కల టీచరును. ఆ లెక్కకు ముచ్చటపడ్డాను. ఇద్దరూ కలిసి నెత్తి మీదికి తెచ్చుకుంటున్నదేమిటో నాకూ తట్టలేదు. ఆ తప్పులో నా వాటా కూడా ఉంది.

కారుకు ఎనిమిది నెలలు పట్టింది. పక్క ఊరి దొరగారి పశువుల కొట్టంలో పాత అమెరికా కారు ఒకటి పడి ఉండేది. చక్రాలు, ఇరుసులు ఎప్పుడో ఎవరో తీసుకుపోయారు. కోళ్ళు గుడ్లు పెడుతున్న ఆ పెట్టెలోంచి ఏనుగంత ఇంజిన్ బయటికి తీశారు. దాని అరిగిన సిలిండర్లను లోపల కొత్తగా తొలిపించి, అంటే బోర్ చేయించి, మన దేశపు చిన్న కారు చట్రంలో కూర్చోబెట్టారు. రేకును చింతమొద్దు మీద పెట్టి మిస్త్రీ సాబ్ తన చేత్తోనే కొట్టి వంపులు తెచ్చాడు. ఒక వంపు కుదరకపోతే మూడుసార్లు చింపి మళ్ళీ కొట్టాడు. బొమ్మ కాగితం ఒక చేతిలో, సుత్తె ఒక చేతిలో. ఎర్రరంగు వేసిన రోజున బజారంతా షెడ్డు ముందే ఉంది. బొమ్మనూ కారునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏదో తెలియలేదు. ఆ రోజు మిస్త్రీ సాబ్ మొహం చూడాలి. పెళ్ళికొడుకు తండ్రిలా అటూ ఇటూ తిరుగుతూ అందరికీ చాయ్ పోయించాడు.

మర్నాడు పొద్దున్నే ఒక్కడే కారు తీసుకుని మంథని రోడ్డు మీద ట్రయల్ చూసి వచ్చాడు. చేతులు కడుక్కుంటూ నీళ్ళ తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. రెండు రోజుల తర్వాత కారు తీసుకుపోవడానికి వచ్చిన తమ్ముడితో, “ఇంజిన్ కొత్తగ బోర్ చేసింది పటేలా. వెయ్యి మైళ్ళు మెల్లగ నడిపియ్యాలె. గప్పటిదాక గుంజదు,” అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. బోర్ చేసిన ఇంజిన్‌ను కొన్నాళ్ళు నెమ్మదిగా నడపడం ఆ రోజుల్లో అందరికీ తెలిసిన ఆచారం. తమ్ముడు నమ్మాడు.

నేనూ ఆ కారు ఎక్కాను. ఎక్కలేదని ఇప్పుడు చెబితే కళ్ళు పోతాయి. కొంగు నడుముకు దోపుకుని, మంథనిలో గోదావరి దాకా పోయి వచ్చాను. ఊళ్ళు దాటుతుంటే జనం పొలాల్లోంచి లేచి చూసేవారు. ఎంత తొక్కినా బస్సుకన్నా వేగంగా పోయేది కాదు. తమ్ముడు పళ్ళు కొరికేవాడు. నాకు మాత్రం ఆ వేగమే బాగుండేది.

నాలుగు నెలలు గడిచినా వెయ్యి మైళ్ళు నిండలేదు. నిండవు, ఎందుకంటే మైళ్ళు చూపే మీటరు తీగను మిస్త్రీ సాబ్ తీసేశాడు. తమ్ముడు అడిగినప్పుడల్లా చక్రాల వైపు చూసి, వేళ్ళ మీద ఏదో లెక్క వేసి, “ఇంక మూడు నూర్లు ఉన్నయ్,” అనేవాడు. ఎప్పుడు అడిగినా మూడు నూర్లే. నాకు అనుమానం వచ్చింది. లెక్కల టీచరు ముందు ఆ లెక్క ఎన్నాళ్ళు నిలుస్తుంది? అడుగుదామనుకుంటుండగా ఒకరోజు మధ్యాహ్నం బడి గేటు దగ్గరికి ఆయనే వచ్చాడు. ఎన్నడూ షెడ్డు దాటి రాని మనిషి.

“టీచరమ్మా, నేనొక దొంగపని జేసిన,” అన్నాడు. “చిన్న పటేలు తొక్కే ఎక్సిలేటర్ కింద టేకుచెక్క పెట్టి మేకు కొట్టిన. సగంకన్న కిందికి పోదది.”

ఎందుకని అడిగాను.

“గది ఆగదు బిడ్డా. ఇంజినేమో గంత పెద్దది, బ్రేకులు చిన్న కారువి. పూర తొక్కితే ఎగిరిపోతది. మళ్ళ ఆపుదామంటే ఆగదు. డ్రమ్ములు కాలి పొగలు లేస్తయి.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఫోటో జూసి చేసిన. ఫోటోల బ్రేకులు కనబడయి గద.”

నేను నోరు తెరిచే లోపు చెయ్యి అడ్డం పెట్టాడు. ఏం చేయాలో ఆయనకు తెలుసు. ఆ పాత అమెరికా కారు ఇరుసులకు, చక్రాల లోపల, పెద్ద బ్రేకు డ్రమ్ములుండేవి. దొరగారి కొట్టంలోంచి ఆ ఇరుసులు, చక్రాలు తీసుకుపోయిందెవరో కనుక్కుంటే సరిపోతుంది. అప్పట్లో పాత కార్ల ఇరుసులు ఎక్కడికి పోయేవో అందరికీ తెలిసిందే. రైతులు కొని ఎద్దులబండి కింద బిగించుకునేవారు. టైరుబండి అనేవారు దాన్ని. మిస్త్రీ సాబ్ శుక్రవారం షెడ్డు మూసేసి, నమాజు కాగానే బస్సెక్కి ఊళ్ళు తిరుగుతున్నాడు. సంతల్లో నిలబెట్టిన టైరుబండ్ల కిందికి దూరి ఇరుసులు చూస్తున్నాడు. ఒకచోట దొంగ అనుకుని పట్టుకున్నారు కూడా.

“జర ఓపిక పట్టు బిడ్డా. పటేలుకు చెప్పకు. చెప్తే చెక్క పీకేస్తడు. డ్రమ్ములు దొరకంగనే బిగించి, చెక్క నేనే తీస్త,” అన్నాడు.

వద్దు, ఇప్పుడే కారు ఆపించెయ్యి అని నేను అనవలసింది. అనలేదు. మా తమ్ముడి మొండితనం తెలుసు, కారు ఆపమంటే ఇంకో మెకానిక్ దగ్గరికి పోతాడు. ఇట్లాగే నడవనిద్దాం అనుకున్నాను. ఆ గేటు దగ్గర నేనూ ఆ దొంగపనిలో చేరాను.

చలికాలం వచ్చాక ఇరుసు దొరికింది. ఆదిలాబాద్ రోడ్డు మీద, ఇచ్చోడలో ఒక పత్తి రైతు బండి కింద. మిస్త్రీ సాబ్ పండగలా చెప్పాడు. కానీ ఆ రైతు ఇప్పుడే ఇవ్వనన్నాడట. ఇంట్లో పత్తి గుట్టలుగా పడి ఉంది, బండి లేకపోతే ఎట్లా తోలుతాడు? పత్తి తోలడం అయిపోయాక తీసుకుపొమ్మన్నాడు. ఇంకో నెల. ఆ నెల గడిస్తే అయిపోయేది.

గడవలేదు. ఒక ఆదివారం తమ్ముడి జేబులోంచి పెన్ను జారి కాళ్ళ కిందికి పోయింది. వంగి వెతుకుతుంటే చెక్క చేతికి తగిలింది.

వాడు కారు షెడ్డు ముందు ఆపి, హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. నేను అప్పుడు పక్క కిరాణా దుకాణంలో ఉన్నాను, పరుగెత్తాను. పీకేసిన చెక్క బల్ల మీద పడేసి ఉంది. తమ్ముడి మొహం కారు రంగుకు వచ్చింది.

“పెట్టినవా నా కాలు కింద?”

“పెట్టిన పటేలా,” అన్నాడు మిస్త్రీ సాబ్. “అది ఆగదు. నెల రోజులు ఓపిక పట్టు. ఇచ్చోడల డ్రమ్ములు దొరికినయ్. పత్తి తోలుడు కాంగనే ఇస్తమన్నరు.”

“ఎడ్లబండి చక్రాలు నా కారుకు ఏస్తవా?”

షెడ్డు ముందు గుమికూడిన వాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నిప్పులో నూనె పోసినట్టయింది. నేను ముందుకు పోయి, “తమ్మీ, దిగు. ఆయన చెప్పింది నిజమే,” అన్నాను. వాడు నా వైపు తిరిగి చూసిన చూపు నేను ఇంకా మరిచిపోలేదు.

“నీకు సుత ఎర్కనానే అక్కా?” అన్నాడు.

మిస్త్రీ సాబ్ చేసినదాన్ని వాడు ఎట్లాగో మింగేవాడేమో. నాకు తెలిసి కూడా చెప్పలేదన్నది మింగలేకపోయాడు. ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఆ మోత ఎట్లాంటిదో ఆ రోజే మొదటిసారి అందరం విన్నాం. అంతవరకూ అది సగం గొంతుతోనే మాట్లాడింది.

మిస్త్రీ సాబ్ ఒక్కసారి షెడ్డు లోపలికి చూశాడు, మూలలన్నీ. తర్వాత చెవి వెనక బీడీ తీసి బల్ల మీద పెట్టి, కారు చుట్టూ తిరిగి వచ్చి, తలుపు మీదుగా కాలు వేసి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

“దిగు ముసలోడా,” అన్నాడు తమ్ముడు. ఆ మాట అన్నాడు. రాయకుండా ఉండలేను.

“దిగ. నడువు,” అన్నాడు ఆయన.

కారు మంథని రోడ్డెక్కింది. నేను దుమ్ములో నిలబడి చూస్తూ ఉన్నాను. చేతిలో బెల్లం పొట్లం.

తర్వాత జరిగింది గొర్లకాపరి ఒకాయన చెప్పాడు. కల్వర్టు దగ్గర మలుపుంటుంది. మలుపు తిరగ్గానే ఆయన గొర్లు రోడ్డు దాటబోతూ ఇంకా ఎడమ సగంలోనే ఉన్నాయి. అవతల నుంచి బొగ్గు లారీ వస్తోంది. ఎర్రకారు మలుపు తిరిగింది. “ఆగుతదనుకున్న,” అన్నాడు ఆ కాపరి. చక్రాల దగ్గర పొగ లేచిందట, కీచుమని అరిచిందట, కానీ కారు జారుతూనే వచ్చిందట. గొర్లకు నాలుగు బారల దూరంలో ఎడమకు తిరిగి, కల్వర్టు రాయిని గీరుకుంటూ, గట్టు దిగి వరి మడిలో పడింది. లారీ బ్రేకులు వేసుకుంటూ వాళ్ళ పక్కనుంచి పోయింది. గొర్లకు ఏమీ కాలేదు, కాపరికీ ఏమీ కాలేదు. తమ్ముడు బురదలో పడ్డాడు, భుజం ఎముక విరిగింది. మిస్త్రీ సాబ్ ఎడమ చెయ్యి కల్వర్టు రాయికీ కారుకూ మధ్య నలిగింది. కరీంనగర్ దవాఖానలో మూడు వేళ్ళు తీసేశారు.

ఆయన కోలుకున్నాక చేసిన మొదటి పని, ఆ కారును షెడ్డుకు ఈడ్పించి, ఉన్న వేళ్ళతోనే గ్యాస్ మంట పట్టుకుని ముక్కలు ముక్కలుగా కోయడం. ఎనిమిది నెలలు కొట్టిన రేకును ఒక్క పూటలో కోసేశాడు. ఎవరి సాయమూ తీసుకోలేదు. ఇంజిన్‌ను మాత్రం నీళ్ళ మోటారుకు పనికొస్తుందని ఒక రైతుకు ఇచ్చేశాడు.

తమ్ముడు తర్వాత స్టీరింగు ముట్టలేదు. ట్రాక్టరయినా, జీపయినా డ్రైవరును పెట్టుకున్నాడు. రిపేరు మాత్రం ఇంకెక్కడా చేయించనిచ్చేవాడు కాదు, మిస్త్రీ సాబ్ దగ్గరికే పంపేవాడు. తాను మాత్రం రాడు. ఎప్పుడైనా నేను ఆ మాట ఎత్తితే, “నేను ఎక్కమన్ననా? దిగుమన్న. పంతానికి కూసున్నడు, చెయ్యి పోగొట్టుకున్నడు,” అనేవాడు. అది వాడు నాతో అనే మాట కాదు. లోపల వాడు తనకు తాను రోజూ చెప్పుకునే మాట. నాకూ కొంతవరకు అట్లాగే అనిపించేది. ఆగదని తెలిసిన బండి ఎందుకెక్కాలి? పంతం కాకపోతే ఏమిటి?

నాలుగేళ్ళ తర్వాత ఒక వానాకాలం, వాన తగ్గేదాకా షెడ్డులో కూర్చున్నప్పుడు ఆయన్ను అడిగేశాను. కొంచెం కటువుగానే అడిగాను. “మిస్త్రీ సాబ్, అది ఆగదని మీకు తెలుసు గదా. పంతానికే ఎక్కిండ్రు గదా?”

ఆయన నవ్వాడు. రెండు వేళ్ళ చేత్తో సాసర్‌లోని చాయ్ ఊదుకున్నాడు.

“పంతం కాదు బిడ్డా. గా బండి తేలిక. మనిషి ఒక్కడే కూసుంటే బరువంత కుడి దిక్కే ఉంటది. గట్టిగ బ్రేక్ తొక్కినవనుకో, కుడి చక్రాలు నేలను పట్టుకుంటయ్, ఎడమయి జారుతయ్. బండి కుడికి గుంజుతది. మొదటి ట్రయల్‌ల నాకు గదే అయింది. రోడ్డు నడుమకు పోయిన. ఎదురుంగ ఏమొస్తలేదు గనుక బతికిన. తెల్లారి ఎడమ సీట్ల యాభై కిలోల సిమెంటు బస్తా ఏసుకోని జూసిన. ఆగుడైతే ఆగలే గని, కుడికి పోలే. చెక్క ఉన్నన్ని రోజులు మెల్లగ పోతుండె, ఫికర్ లేకుండె. చెక్క పీకిన రోజు చూస్తే, షెడ్డుల బస్తా లేదు. పటేలు ఆగుతలేడు. నేను కూసున్న.”

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ రోజు మలుపు దగ్గర కుడివైపు లారీ ఉంది.

“ఎడమకు పోతదని మీకు తెలుసా?” అన్నాను.

“ఎడమకు పోతదో, సీదా పోతదో ఎవరికెర్క? కుడికి పోకుంటే సాలనుకున్న. పొలం దిక్కు పోయింది, మంచిదే. పొలం మెత్తగుంటది.”

“మరి తమ్మునికి అప్పుడే చెప్పకపోయిండ్రా, బరువు కావాలని?”

“చెప్తే బస్తా తెప్పిచ్చుకోని నన్ను దింపేటోడు. మలుపు కాడ కాలు తియ్యి బేటా అని బస్తా చెప్తదా? నేను చెప్పిన. తీసిండు. జర ఆలస్యంగ తీసిండు, గంతే.”

వాన తగ్గింది. నేను లేవలేదు. ఇది తమ్ముడికి చెబుతానన్నాను. ఆయన వద్దన్నాడు.

“పిల్లగాడు బతికిండు. పెండ్లయింది, పిల్లలున్నరు. గిది నెత్తిన బెట్టుకోని ఎక్కడ తిరుగుతడు? నేనున్నన్నొద్దులు చెప్పకు.”

అందుకని చెప్పలేదు. మనిషి బతికి ఉన్నంతకాలం ఆయన మాట నిలబెట్టాను. తమ్ముడు “పంతానికి కూసున్నడు” అన్న ప్రతిసారీ నాలుక కొరుక్కున్నాను.

బస్సు దిగేసరికి తమ్ముడు మిల్లు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. మిస్త్రీ సాబ్ పోయాడని చెప్పాను. “ఆఖరి సూపు సుత దక్కలే,” అన్నాడు. తర్వాత ఎప్పటి మాటే మొదలుపెట్టాడు. “పంతం మనిషి. ఆ రోజు ఎక్కకుంటే...”

“ఎక్కకుంటే నువ్వు లేవు,” అన్నాను.

అంతా చెప్పాను. బస్తా సంగతి, కుడివైపు లారీ సంగతి, షెడ్డులో మూలలన్నీ ఎందుకు చూశాడన్న సంగతి. వాడు నా మొహం చూడకుండా విన్నాడు. మిల్లులో ఎవరో పిలిస్తే చేత్తో ఆగమన్నాడు.

“అక్కా, ఆయిన ఎంత బరువుంటుండె?”

“బక్క మనిషి గదరా. యాభై కిలోలు ఉంటుండెనో లేదో.”

“యాభై,” అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. బాపు పోయిననాడు కూడా వాడు అట్లా ఏడవలేదు. మిల్లు ఆపించి, వాడి పక్కనే కూర్చున్నాను.